గట్టు ఆయనది, అరుగు ఈయనది

ఇది మీరు చేసిన పనే, గోవిందరాజులు గారూ. జీవరత్నం మాస్టారూ, ఇందులో సగం మీది. సుబ్బాయమ్మ గారూ, మీ వంటింటికీ వాటా ఉంది. కాలవ గట్టు మీద కాపురాలుంటున్న మిగతా మేమంతా నవ్వుకుంటూ చూశాం కాబట్టి మాకూ ఉంది. పొక్లెయిన్ నడిపిన కుర్రాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనకండి. ఆ గట్టులో పిట్ట ఉందని అతనికి చెప్పిన మనిషి లేడు. అన్నం పెట్టినవాళ్లున్నారు. అరిటాకు కోసినవాళ్లున్నారు. మంచం వేసినవాళ్లున్నారు. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేరు.

మా ఊరు తెలియనివాళ్ల కోసం మొదట్నుంచి చెప్తాను.

కొత్తపేటలో ఆటో ఎక్కితే అరగంట. ఊరి మధ్యలోంచి కాలవ పోతుంది. కాలవకి అటు గోవిందరాజులు గారి కొబ్బరితోట, ఇల్లు. సరిగ్గా ఎదురుగా ఇటు జీవరత్నం మాస్టారి ఇల్లు. గోవిందరాజులు గారు మా నీటి సంఘం అధ్యక్షుడు. మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఒకరు గుడికీ ఒకరు చర్చికీ పోయినా ఏరా అంటే ఏరా అనుకున్నారు. తేడా వచ్చింది సంఘం ఎన్నికల దగ్గర. గెలిపిస్తే రెండు గట్లకీ సిమెంటు గోడ కట్టిస్తానన్నారు గోవిందరాజులు గారు. మట్టి గట్టు మట్టిగానే ఉండాలి, సిమెంటు పూస్తే పక్క బావుల్లో నీళ్లు దిగిపోతాయని మాస్టారు మైకులో చెప్పారు. సిమెంటు గెలిచింది.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు వంతెన ఎక్కుతుంటే ఇంకొకరు చెప్పు తెగినట్టు వంగి కూర్చునేవారు. తప్పనిసరై మాట్లాడాల్సి వస్తే 'అండీ' అనుకునేవారు. మా వైపు పాత స్నేహితుల మధ్య మర్యాద పెరిగిందంటే కోపం తగ్గలేదని లెక్క.

ఏటా వేసవిలో కాలవ కట్టేస్తారు, అంటే పైనుంచి నీళ్లు ఆపేస్తారు, పూడికలు తీయడానికీ మరమ్మతులు చేసుకోవడానికీ. ఈ ఏడాదీ ఆపేశారు. కాలవ అడుగున అక్కడక్కడా మడుగులు మిగిలాయి. మడుగుల్లో చేపలు పండగ బస్సులో జనంలా కిక్కిరిశాయి. అప్పుడే లకుముకి పిట్టల జత ఒకటి దిగింది. మీరందరూ చూసిన పిట్టే. కాఫీపొడి రంగు తల, మెరిసే నీలం రెక్కలు, చొక్కా గుండీలు విప్పుకున్నట్టు తెల్లటి గొంతు, మొహానికి నప్పని పొడుగాటి ఎర్ర ముక్కు. ఆ ముక్కుతోనే గోవిందరాజులు గారి గట్టుకి బొరియ తవ్వింది.

ఇక్కడే ఉంది తమాషా. గట్టు ఆయనది. గట్టు మీద నిలబడినవాడికి మాత్రం తన కాళ్ల కింద ఏముందో కనబడదు. ఆ బొరియ కళ్లారా కనబడేది మాస్టారి అరుగు మీద నుంచే.

మాస్టారు పొద్దున కాఫీ గ్లాసుతో అరుగెక్కితే మధ్యాహ్నం దాకా దిగడం లేదు. తన తోట కేసే చూస్తూ కూర్చున్న మనిషిని చూసి గోవిందరాజులు గారికి ఒళ్లు మండింది. రెండ్రోజులు ఓర్చుకుని, మూడోరోజు వంతెన మీదుగా తిరిగి వెళ్లే ఓపిక లేక, పంచె ఎగ్గట్టి ఎండిన కాలవలోంచే అడ్డంగా నడిచి వెళ్లారు.

"ఏంటండీ మాస్టారూ, మా తోట కేసే చూస్తన్నారు. కాయలు లెక్కెడతన్నారా?"

"కాయలు నాకెందుకండి. కాయల కింద మీ గట్టులో లకుముకి పిట్ట గూడెట్టింది. దాన్ని చూస్తన్నాను."

"మా గట్టులోనా? నాకు అవుపించలేదే."

"మీ గట్టు మీకెలా అవుపిస్తదండి. ఇలా వచ్చి కూర్చోండి."

కూర్చున్నారు. పిట్ట కరెంటు తీగ మీద నుంచి మడుగులోకి రాయిలా పడి, చేప పట్టుకుని, కొమ్మకేసి నాలుగు దెబ్బలు కొట్టి బొరియలో దూరింది. గోవిందరాజులు గారు నోరు తెరుచుకుని చూశారు. మర్నాడు తాటిముంజలు పట్టుకుని వచ్చారు. ఆ మర్నాడు ఏమీ పట్టుకోకుండా వచ్చారు. అంటే అలవాటైపోయిందన్నమాట.

మురుగు డ్రైను గొడవ మీద సంతకాల కోసం నేను అటు వెళ్లినప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. మాస్టారు పాఠం చెప్తున్నారు.

"ఇంగ్లీషులో ఓ పాత మాటుందండి, హాల్సియన్ అని. కవులు వాడేవారు. హాల్సియన్ రోజులంటే ఏ అలజడీ లేకుండా సుఖంగా గడిచిన రోజులు. ఒక మార్కు ప్రశ్నగా నేనూ అడిగేవోణ్ణి. పిట్ట పేరని తెలుసు గానీ ఏదో మంచుదేశం పిట్టలే అనుకునేవోణ్ణి. తీరా చూస్తే ఇదేనండి. నేను పాఠం చెప్తుంటే కిటికీ అవతల తీగ మీద కూర్చునేదే."

"దీనికీ సుఖానికీ ఏం సంబంధమండి? తెల్లారకుండా కీచుమని మా ఆవిణ్ణి లేపేత్తంది."

"గ్రీకులు చెప్పుకునేవారంట. నడి చలికాలంలో ఇది సముద్రం మీద గూడు కట్టుకుని పొదుగుతుందని. పొదిగినన్నాళ్లూ గాలిదేవుడు గాలుల్ని కట్టేసేవాడంట. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉండేదంట. ఓడలోళ్లకి అవే మంచి రోజులు. అలా పిట్ట పేరే రోజులకొచ్చింది."

గోవిందరాజులు గారు ఆలోచించి, "అంటే ఆళ్లూ మనలాగే కాలవ కట్టేసేవారన్నమాట" అన్నారు.

మాస్టారు పడిపడి నవ్వారు. ఆ అరుగు మీద నవ్వు విని ఎన్నాళ్లో అయింది. లోపల్నుంచి మాస్టారి కూతురు హన్నా వంట ఆపి మరీ తొంగి చూసింది.

నాకు ఊరుకోవడం చేతకాదు. "గాలి దానంతట అది ఆగలేదు కదండీ, ఒకాయన పట్టుకుని కట్టేస్తే ఆగింది. మరి సిమెంటు గోడకి గట్టు చెక్కడానికి వచ్చే వారం పొక్లెయిన్ వస్తోంది. దాన్ని కట్టేసేదెవరు?" అన్నాను.

ఇద్దరూ చెరోవైపు చూశారు. ఒకాయన గొంతు సవరించుకున్నారు. ఒకాయన కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఆయ్, చూద్దాం లెండి" అన్నారు గోవిందరాజులు గారు.

ఆయన బాధ నాకు తెలుసు. ఆ పని శాంక్షన్ చేయించడానికి ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నారు. ఇప్పుడు ఏ మొహంతో ఆపమంటారు, అదీ ఒక పిట్ట కోసం, అదీ మాస్టారి మాటే నెగ్గినట్టు. మాస్టారి బాధ ఆయన వెళ్లాక తెలిసింది.

"మీరైనా అడగండి మాస్టారూ. మీ మాట వింటారిప్పుడు."

"అడిగితే ఎలచ్చన్ల గొడవ మళ్లీ మొదలవుద్దమ్మా సత్యప్రియా. వాడు ఈ అరుగెక్కి ఎన్నేళ్లయిందో తెలుసా? మా ఆవిడ దీనమ్మ పోయినప్పుడు కూడా గేటు దగ్గరే నిలబడి వెళ్లిపోయేడు. ఇప్పుడు ఆ పిట్ట పుణ్యమాని రోజూ వస్తన్నాడు. పిల్లలు ఎగిరేదాకా వస్తాడు. ఆ తర్వాత సంగతి నాకు తెలీదు. ఉన్నన్నాళ్లూ కదపను."

"ఆయన చేయించే పని కింద పడి ఆ పిల్లలు చస్తే? ఇక ఏ మొహం పెట్టుకుని వస్తారు?"

మాస్టారు ఖాళీ కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. పొదిగే పిట్టని కదపకూడదు, నిజమే. వీళ్లు తమ స్నేహాన్ని కూడా పొదిగే గుడ్డు అనుకున్నారు.

నేనే కాంట్రాక్టరుతో మాట్లాడతానన్నాను. గోవిందరాజులు గారి భార్య సుబ్బాయమ్మ గారు రెండు చేతులూ ఊపేశారు. "నువ్వొద్దమ్మా. నువ్వు మాట్లాడితే పోలీసులొస్తారు. మేం మర్యాదగా చూసుకుంటాం."

చూసుకున్నారు. ఎలా చూసుకున్నారో వినండి.

పొక్లెయిన్ వచ్చింది. దాంతో వీరబాబు వచ్చాడు, తుని అవతల ఊరివాడు, పెళ్లి కాలేదు, ఒంటి మీద బనీను, మెడలో తువ్వాలు. కాంట్రాక్టరు ఎక్కడో ఉండి ఫోన్లో అరిచే రకం. వీరబాబు లాకుల దగ్గర పని మొదలెట్టాడు. రెండు రోజుల్లో తోట దగ్గరికి వచ్చేస్తాడు. అప్పటికి బొరియ మూతి దగ్గర తెల్లటి చారలు పడ్డాయి, చేపల కంపు మొదలైంది. అంటే గుడ్లు పిల్లలయ్యాయి. ఎగరడానికి ఇంకో రెండు వారాలన్నా పడుతుందన్నారు మాస్టారు.

మొదటి మధ్యాహ్నం సుబ్బాయమ్మ గారు గట్టు మీదికి వెళ్లారు. "ఎండన పడి ఏం తవ్వుతావు బాబూ. కాళ్లు కడుక్కుని రా, రెండు మెతుకులు తిందువుగాని."

రెండు మెతుకులంటే పనసకాయ బిర్యానీ, మామిడికాయ పప్పు, జాడీలోంచి అప్పుడే తీసిన కొత్తావకాయ, గడ్డపెరుగు, చివర్న పూతరేకు. తిన్న మనిషిని కొబ్బరి నీడన నులక మంచం మీద పడేశారు. లేచేసరికి సాయంత్రం. మిషను ఎక్కబోతుంటే టీ వచ్చింది. టీ తాగేసరికి పొద్దు పోయింది.

మర్నాడు మాస్టారింట్లో. మడుగులో పట్టిన కొర్రమీనుతో హన్నా పులుసు పెట్టింది. ఆ మర్నాటి నుంచి గట్టు గట్టంతా వంతులేసుకున్నారు. ఈ పూట మా ఇంట్లో, రాత్రికి వాళ్లింట్లో. ఇటువైపు వాళ్లు చేపలు పెడితే అటువైపు వాళ్లు పోటీగా గారెలు వేశారు. రెండు గట్ల మధ్య ఇంత ఐకమత్యం నేను ఏ ఉద్యమంలోనూ తేలేకపోయాను. పొక్లెయిన్ తొట్టి మీద పిల్లలు తువ్వాళ్లు ఆరేశారు.

కాంట్రాక్టరు ఫోన్ చేస్తే అందరికీ వినబడేది.

"పని ఎంతవరకొచ్చింది?"

"జరగట్లేదు సార్. ఇక్కడోళ్లు ఒగ్గట్లేదు."

"ఎవరు? ధర్నా చేస్తున్నారా?"

"కాదు సార్. భోజనాలు."

అవతల ఫోన్ పెట్టేశాడు.

సుబ్బాయమ్మ గారు అక్కడితో ఆగలేదు. "పెళ్లి కాలేదా నాయనా? మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయించావా? చేయించలేదా? అయితే ఎలా అవుద్ది?" అని, చుట్టాల చేత టికెట్ తెప్పించి, పట్టుపంచె అరువిచ్చి, వీరబాబుని మురమళ్ళ పంపించారు. వెళ్లిన రోజు వెళ్లిన రోజే. తిరిగొచ్చిన రోజు ప్రయాణం బడలిక.

నేనూ నవ్వాను. నవ్వుతూనే ఒకరోజు గారె నములుతున్న అతని దగ్గరికి వెళ్లి, "బాబూ, అసలు సంగతేంటంటే" అన్నాను. సుబ్బాయమ్మ గారు నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు.

"విస్తరి ముందు కూర్చున్న మనిషికి పనాపమని చెప్తామా? అన్నం పెట్టి అడిగినట్టుండదూ? బాగోదు."

"మరి ఎప్పుడు చెప్తారండీ? ఈ మనిషి విస్తరి ముందు లేందెప్పుడు?"

"అతనికి మాత్రం తెలీదేంటి. అర్థం చేసుకుంటాడు లే."

ఇదే మన జబ్బు. అడక్కుండా అర్థం చేసుకోవాలి ఎదుటివాడు. చేసుకోకపోతే వాడిది తప్పు.

వీరబాబు అర్థం చేసుకున్నాడు. అతనికి చేతనైనట్టు చేసుకున్నాడు. ఏ ఊళ్లో తవ్వినా తిట్టేవాళ్లే, గట్టు పోయింది, చెట్టు పోయిందని రాళ్లేసేవాళ్లే. ఇక్కడ కొత్తల్లుణ్ణి చూసినట్టు చూశారు. వీళ్ల రుణం ఎలా తీర్చుకోవడం? ఆదివారం పొద్దున్నే, అందరూ లేవకుండా, సుబ్బాయమ్మ గారి తోట వెంబడి గట్టుని కత్తితో కోసినట్టు నున్నగా చెక్కి పెట్టాలనుకున్నాడు. ఒక్క గడ్డి పరక లేకుండా. ఆవిడ లేచి చూసుకుని మురిసిపోవాలనుకున్నాడు.

నేను వంతెన దగ్గర పాల కోసం నిలబడ్డాను. మిషను చప్పుడు వినబడింది. చూస్తే తోట దగ్గర తొట్టి పైకీ కిందకీ ఆడుతోంది. పాల గిన్నె అక్కడే పెట్టి పరిగెత్తాను. ఆపమని అరిచాను. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు.

చర్చి కాలవ పక్కనే. తెల్లవారు ప్రార్థన నడుస్తోంది. జీవితంలో ప్రసంగం మధ్యలో లేవని జీవరత్నం మాస్టారు లేచారు. తెల్ల చొక్కా, తెల్ల పంచెతో కాలవలోకి దిగిపోయారు. మడుగు, బురద, ఏదీ చూసుకోలేదు. మోకాళ్ల దాకా బురదతో తొట్టి ఎదురుగా వెళ్లి నిలబడ్డారు. తొట్టి అడ్డంగా ఉంది. డ్రైవరు చూడలేదు.

చప్పుడుకి గోవిందరాజులు గారు పందుంపుల్ల నోట్లో పెట్టుకుని గట్టు మీదికొచ్చారు. కింద ఉన్న మనిషిని చూశారు. మాస్టారు మిషను కేసి చూడలేదు. తల పైకెత్తి గోవిందరాజులు గారి కేసి చూశారు.

"ఒరే గోవిందూ. ఆపమని చెప్పరా. నువ్వు చెప్తేనే ఆగుద్ది."

ఆ 'ఒరే' నాకు బాగా వినబడింది. ఆయనకి ఇంకా బాగా వినబడి ఉంటుంది. పందుంపుల్ల తీసేశారు. "బాబూ, కాస్త ఆపుతావా" అన్నారు. సంఘం మీటింగులో మాట్లాడినట్టు. ఎవరికి వినబడుతుంది? తొట్టి మళ్లీ దిగింది. మట్టి పెళ్ళ ఒకటి విరిగి మాస్టారి కాళ్ల దగ్గర పడింది. అప్పుడు గోవిందరాజులు గారు తువ్వాలు తీసి గాల్లో తిప్పుతూ, ఎప్పుడూ వినని గొంతుతో, ఇక్కడ రాయలేని ఒక తిట్టు తిట్టి ఆపమన్నారు.

మిషను ఆగింది. వీరబాబు దిగొచ్చాడు, మొహం చిన్నబుచ్చుకుని.

"ఏమైందండీ? మీకోసమే చేస్తన్నానండీ."

"అందులో పిట్ట పిల్లలున్నాయి బాబూ" అన్నారు మాస్టారు.

వీరబాబు గట్టు కేసి చూశాడు, మా అందరి కేసీ చూశాడు. "ఈ ముక్క మొదటి రోజే చెప్తే ఆ చివర నుంచి మొదలెట్టేవోణ్ణి కదండీ. దీనికోసం ఇంత తిండి పెట్టాలా?"

సుబ్బాయమ్మ గారు కొంగు సర్దుకున్నారు.

బొరియ ముందు భాగం మూరెడు తెగిపోయింది. లోపలి గది మిగిలింది. వంగి చూస్తే నాలుగు పిల్లలు, ఒళ్లంతా ముళ్లలా మొలిచిన ఈకలు, ముక్కులు మాత్రం అప్పుడే పెద్దవి. బతికే ఉన్నాయి. తల్లో తండ్రో తీగ మీద చేప పట్టుకుని ఎగిరెగిరి పడుతోంది. మేమున్నామని దిగట్లేదు. అందర్నీ తోలుకుని మాస్టారి అరుగెక్కాం. వీరబాబు కూడా ఎక్కాడు. చాలాసేపటికి పిట్ట దిగింది, తెగిన బొరియ ముందు గాల్లో తచ్చాడింది, లోపలికి దూరింది.

ఆ తర్వాత గొడవ మొదలైంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ముందే నోరిప్పి చావొచ్చు కదరా" అన్నారు గోవిందరాజులు గారు.

"అధ్యక్షుడివి నువ్వు. నేనెవణ్ణిరా చెప్పడానికి."

"మైకులో చెప్పినోడివి, అరుగు మీద చెప్పలేవూ?"

"చెప్తే నువ్వొస్తావా రేపట్నుంచి?"

గోవిందరాజులు గారు బురద కాళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. "పిట్ట కోసమే వస్తన్నాననుకున్నావేంటి" అన్నారు చివరికి.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఇంతలో వీరబాబు ఫోన్ మోగింది. కాంట్రాక్టరు. రేపు మధ్యాహ్నానికి తోట వెంబడి గట్టు చెక్కడం పూర్తవ్వాలి, నీ వల్ల కాకపోతే వేరే డ్రైవర్ని పంపుతా, ఆ డ్రైవరు బయట తిండి తినడు అన్నాడు. వీరబాబు, "నేను చెయ్యను సార్, అధ్యక్షులు గారితో మాట్లాడండి" అని ఫోన్ గోవిందరాజులు గారి చేతిలో పెట్టాడు. అతను చేయగలిగింది అతను చేశాడు.

గోవిందరాజులు గారు ఏమన్నారో తెలుసా? "ఆయ్. ఆయ్. అలాగేనండి. చూద్దామండి." అని పెట్టేశారు.

అందుకే నేను ఇదంతా రాస్తున్నది.

గోవిందరాజులు గారూ, ఫోన్ మళ్లీ చేయండి. రేపు కాదు, ఇప్పుడే. తోట వెంబడి గట్టుని జూన్‌లో నీళ్లు వదిలేదాకా ఎవరూ ముట్టుకోకూడదని చెప్పండి. నీళ్లొచ్చాక కూడా ఆ ముక్క మట్టిగానే ఉంటుందని సంఘం చేత తీర్మానం చేయించండి. మీ పరువు పోతుందనుకుంటే పోనివ్వండి, గట్టు కంటే అదేమీ గట్టిది కాదు. మాస్టారూ, మీరు ఆయన పక్కన నిలబడండి, ఫోన్ ఆయన చేతిలోంచి జారితే మీరందుకోండి. సుబ్బాయమ్మ గారూ, రేపు కొత్త డ్రైవరు వస్తే పొయ్యి వెలిగించకండి, ముందు సంగతి చెప్పండి. మిగతా అందరూ తెల్లారేసరికి కాలవలోకి దిగి గట్టు ముందు నిలబడండి. నేనూ ఉంటాను. చూద్దాం అనొద్దు, అలాగే అనొద్దు. వద్దు అనండి. నోరు రాకపోతే వద్దండి అనండి, కానీ అనండి.